గడగడా చదువుతున్నారు, మరి అర్థమవుతోందా? కథలతో పాటే పిల్లలకు మాటలు నేర్పడం ఎలా

మూడో తరగతి పిల్ల తెలుగు వాచకం తెరిచి గడగడా చదివేస్తుంటే ఇంటిల్లిపాదికీ సంతోషమే. ఒత్తులు తప్పవు, గుక్క తిప్పుకోకుండా పేరా అయిపోతుంది. అప్పుడు పుస్తకం మూసి "ఏం జరిగింది తల్లీ కథలో?" అని అడగండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. కొందరు మళ్లీ పుస్తకం తెరిచి ఆ వాక్యాన్నే ఇంకోసారి చదివి వినిపిస్తారు.

ఇందులో మన లిపి పాత్ర ఉంది. తెలుగులో దాదాపుగా రాసింది రాసినట్టే పలుకుతాం. గుణింతాలు, ఒత్తులు పట్టుబడితే ఏ మాటనైనా పైకి చదివేయొచ్చు, అర్థం తెలియక్కర్లేదు. ఇంగ్లీషులో తెలియని మాట వస్తే పిల్ల చాలాసార్లు తడుముకుంటుంది, పక్కనున్నవాళ్లకు విషయం తెలిసిపోతుంది. తెలుగులో "జలాశయం నిండుకుండలా తొణికిసలాడుతోంది" అని ఆగకుండా చదివేస్తుంది. జలాశయం అంటే ఏమిటో తెలియదు, తొణికిసలాడడం ఎలా ఉంటుందో తెలియదు. తెలియదన్న సంగతి మనకూ తెలియదు.

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక చిన్న లెక్కలో పెట్టారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను మాటలుగా చదవగలగడం, భాష అర్థం కావడం, ఈ రెండింటి గుణకారం. కూడిక కాదు. రెండిట్లో ఒకటి సున్నా అయితే లెక్కంతా సున్నా. మన దగ్గర అక్షరాలకూ ఒత్తులకూ రెండు మూడేళ్లు పడుతుంది. ఆ రెండు మూడేళ్లూ ఇంట్లోనూ బళ్లోనూ అందరి టెన్షనూ అక్షరాల మీదే. "ముందు చదవడం రానీ, మాటలు తర్వాత అవే వస్తాయి" అనుకుంటాం. అవే రావు. అక్షరాలు కంటితో నేర్చుకోవాలి, మాటలు చెవితో నేర్చుకోవాలి. ఒకటి అయ్యేదాకా రెండోది ఆగాల్సిన పనిలేదు. నాలుగేళ్ల పిల్లకు 'క' గుణింతం రాకపోయినా 'ఓదార్చడం' అనే మాట హాయిగా వస్తుంది.

ముందు చిక్కు ఎక్కడుందో చూడండి

పిల్లలు ఇంతకుముందు చూడని కథల పుస్తకం ఒకటి తీసుకోండి. ఒక పేజీ వాళ్లచేత చదివించి, పుస్తకం మూసి, తాతయ్యకు చెబుతున్నట్టు సొంతమాటల్లో చెప్పమనండి. తర్వాత అలాంటిదే ఇంకో పేజీ మీరు చదివి వినిపించి, అదే అడగండి.

మీరు చదివినప్పుడు చక్కగా చెప్పి, తాను చదివినప్పుడు చెప్పలేకపోతే ఓపికంతా అక్షరాలకే అయిపోతోందన్నమాట. చదివే అలవాటు పెరిగితే సర్దుకుంటుంది. రెండుసార్లూ చెప్పలేకపోతే కొరత మాటల్లో ఉంది. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసమే. రెండుసార్లూ బాగా చెప్పారంటే ఆ పుస్తకం వాళ్లకు తేలికైపోయింది, ఇంకో మెట్టు పైది తీయండి.

ఇది పరీక్షలా అనిపించకూడదు. మార్కులు వేయొద్దు, పక్కింటి పిల్లతో పోల్చొద్దు.

రెండు రకాల పుస్తకాలు పెట్టుకోండి

ఒకటి పిల్లలు చదువుకోవడానికి, ఒకటి మీరు చదివి వినిపించడానికి. రెండూ ఒకటే అయితే కుదరదు. పిల్లలు తామే చదవగలిగే పుస్తకంలో వాళ్లకు తెలిసిన మాటలే ఎక్కువుంటాయి, ఉండాలి కూడా. పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. పేజీ అయ్యేలోపు అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకాన్ని మీ వైపు పెట్టుకుని, మీరు చదివి వినిపించండి. కొత్త మాటలు దొరికేది అందులోనే. బడి వయసు పిల్లలు చదివి అర్థం చేసుకునేదానికన్నా విని అర్థం చేసుకునేది చాలా ఎక్కువ. అందుకే చదవడం వచ్చేసింది కదా అని చదివి వినిపించడం మానేయకండి. అయిదో తరగతి దాకా వినిపించినా తప్పేమీ లేదు.

పుస్తకాల కోసం పెద్దగా ఖర్చుపెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అదీ స్థాయిల వారీగా. అచ్చు పుస్తకాలు కావాలంటే 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి పిల్లల కోసమే వేసినవి, ధర కూడా తక్కువ. ఒక్క జాగ్రత్త: వేరే భాషల నుంచి వచ్చిన కథల్లో కొన్ని తెలుగులో బిగుసుకుపోయి ఉంటాయి. పిల్లలకు వినిపించే ముందు మీరొకసారి పైకి చదివి చూసుకోండి. మీ నోటికే ఎబ్బెట్టుగా ఉంటే ఆ వాక్యాన్ని మీ ఇంటి మాటల్లోకి మార్చి చదవండి. ఎవరూ ఏమీ అనరు.

పాఠ్యపుస్తకాన్ని మాత్రం ఈ పనికి వాడకపోవడమే మేలు. దాన్ని చూస్తేనే పిల్లలకు ప్రశ్న-జవాబులు గుర్తొస్తాయి.

ఏ మాటలు ఎంచుకోవాలి

తెలియని మాట కనిపించినప్పుడల్లా ఆగి చెబితే కథ చచ్చిపోతుంది. ఒక కథకు మూడు నాలుగు మాటలు చాలు. ఆ మూడు నాలుగూ ఏవన్నది తేల్చుకోవాలి.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఇసబెల్ బెక్, ఆమె సహచరులు మాటలను మూడు అంచెలుగా చూడమన్నారు. మొదటి అంచెవి అందరికీ వచ్చేసే మాటలు: నీళ్లు, కుక్క, పరిగెత్తడం. వీటిని ఎవరూ నేర్పక్కర్లేదు. మూడో అంచెవి ఒక్కో శాస్త్రానికి చెందినవి: కిరణజన్య సంయోగక్రియ, భూమధ్యరేఖ, లసాగు. ఆ పాఠం వచ్చినప్పుడు టీచరే చెబుతారు. మధ్య అంచెలో ఉన్నవే మనకు కావాలి. రోజువారీ మాటల్లో తక్కువగా వినిపించి, ఏ కథ తెరిచినా కనిపించే మాటలివి. తటపటాయించడం, ఉక్రోషం, ప్రాధేయపడడం, ఓదార్చడం, నివ్వెరపోవడం, పొంచి ఉండడం, ఆరా తీయడం, వెలవెలబోవడం లాంటివి. వీటిలో ఒకటి వస్తే పది కథల్లో పనికొస్తుంది.

పేజీలో ఏదైనా మాట ముందు ఆగి మిమ్మల్ని మీరు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది తెలియకపోతే కథ అర్థం కాదా? ఇంకో పుస్తకంలోనూ కనిపిస్తుందా? మా ఇంట్లో ఈ వారం దీన్ని వాడే సందర్భం వస్తుందా? మూడింటికీ అవుననిపిస్తే తీసుకోండి. రాజుల కథలో 'అంతఃపురం' వచ్చిందనుకోండి, "రాణులుండే చోటు" అనేసి ముందుకు వెళ్లిపోవచ్చు. అదే కథలో 'ఆరా తీశాడు' వస్తే దాన్ని పట్టుకోండి.

ఏడు చేపల కథతో చేసి చూద్దాం

అందరికీ తెలిసిన కథే. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" "గడ్డిమోపు అడ్డొచ్చింది." అలా గడ్డి, ఆవు, పాలేరు, అవ్వ, పిల్ల, చివరికి చీమ. ఒక్కో ఇంట్లో ఒక్కోలా చెబుతారు, మీ ఇంటి కథే తీసుకోండి. పెద్ద అక్షరాల్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ప్రశ్నలన్నీ పిల్లలు చదవాలి, జవాబులు మీరు చదవాలి. "ఎందుకు" అనే మాట ప్రతి ప్రశ్నలోనూ వస్తుంది కాబట్టి రెండో ప్రశ్నకల్లా కూడబలుక్కోవడం మానేసి ధైర్యంగా చదివేస్తారు. అక్షరాల పని అలా జరిగిపోతుంటే మాటల పని మనం చూసుకోవచ్చు.

మొదటి మాట ఎండబెట్టడం. ఫ్లాట్‌లో పెరిగే పిల్లలు చేపలు ఎండబెట్టడం చూసి ఉండరు. బాల్కనీలో బట్టలు ఆరేయడం మాత్రం రోజూ చూస్తారు. అక్కడి నుంచే మొదలుపెట్టండి. బట్టలు ఆరతాయి, మిరపకాయలు ఎండుతాయి. ఎందుకలా? బట్టకు పైన పట్టిన తడి పోతే చాలు. మిరపకాయకు లోపలి పచ్చిదనం కూడా పోవాలి. చేపకూ అంతే, వడియానికీ అంతే. ఇంకా ఏమేం ఎండుతాయో పిల్లల్నే అడగండి. వేసవిలో చెరువు ఎండుతుంది, దాహమేస్తే నోరు ఎండుతుంది, నీళ్లు పోయకపోతే మొక్క ఎండుతుంది. ఒక్క మాట పట్టుకుంటే ఇన్ని చోట్లకు వెళ్లొచ్చు.

రెండోది మేయడం, మేపడం. "ఆవు ఎందుకు మేయలేదు? పాలేరు మేపలేదు." తనంతట తాను చేసేది ఒకటి, ఇంకొకరు చేయించేది ఒకటి. తెలుగులో ఇలాంటి జంటలు బోలెడు. బస్సు ఆగింది, డ్రైవరు ఆపాడు. పాప లేచింది, అమ్మ లేపింది. ఉయ్యాల ఊగింది, అన్నయ్య ఊపాడు. పిల్ల దిగింది, నాన్న దింపాడు. చక్రం తిరిగింది, చేత్తో తిప్పాం. మొక్క పెరిగింది, మనం పెంచాం. ఇంట్లో తెలుగు తక్కువగా వినే పిల్లలు 'ఆగించు', 'ఊగించు' అనేస్తుంటారు. నవ్వకండి. మీరు మొదటి సగం చెప్పి, రెండో సగం వాళ్లను అందుకోమనండి. స్కూటరు మీద స్కూలుకు వెళ్లేలోపు అయిపోయే ఆట ఇది, వ్యాకరణం పేరు ఎత్తక్కర్లేదు.

మూడోది కుట్టడం. కథ చివర చీమ కుడుతుంది. దోమా కుడుతుంది, తేలూ కుడుతుంది. కుక్క మాత్రం కరుస్తుంది, పాము కాటేస్తుంది, పిల్లి రక్కుతుంది, కోడి పొడుస్తుంది, ఆవు కుమ్ముతుంది, గాడిద తన్నుతుంది. పిల్లలకు ఈ జాబితా అంటే మహా సరదా. ఎందుకంటే ప్రతిదానికీ నటించి చూపించొచ్చు. దర్జీ కూడా కుడతాడు కదా అని మీ పిల్ల అడిగితే ఆ రోజు పాఠం బాగా నడిచినట్టే.

'గడ్డిమోపు' ఉంది కదా అని అక్కడే గెల, గుత్తి, మంద, కట్ట అన్నీ చెప్పేయాలనిపిస్తుంది. ఆగండి. అది ఇంకో రోజుకు.

కథ మధ్యలో ఎంత ఆగాలి

ఒక్క ఊపిరి. "పులి పొద వెనక పొంచి ఉంది, అంటే కనబడకుండా దాక్కుని ఎప్పుడు దూకాలా అని చూస్తోంది" అనేసి తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోండి. "పొంచి ఉండడం అంటే తెలుసా?" అని అడిగి, తెలియదు అనిపించుకుని, అప్పుడు చెప్పడం వద్దు. రెండుసార్లు తెలియదనాల్సి వస్తే మూడోసారి పుస్తకం చూడగానే నిద్రొస్తుంది. చేత్తో చూపించగలిగేది చేత్తో, ముఖంతో చూపించగలిగేది ముఖంతో చెప్పండి. నివ్వెరపోవడానికి వివరణ అక్కర్లేదు, కళ్లు పెద్దవి చేసి నోరు తెరిస్తే చాలు.

ఒకే కథ మళ్లీ మళ్లీ చదవమని పిల్లలు గొడవ చేస్తుంటే విసుక్కోకండి. సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. కొందరికి అవే కథలు మళ్లీ మళ్లీ వినిపించారు, కొందరికి వేర్వేరు కథలు వినిపించారు. కొత్త మాటలు రెండు గుంపులకూ సమానంగానే వినబడ్డాయి. ఒకే కథ విన్నవాళ్లకే ఎక్కువ గుర్తున్నాయి. మొదటిసారి కథ ఏమవుతుందోనన్న ఆత్రుత ఉంటుంది. అది తీరాక చెవి మాటల మీదికి వెళుతుంది కాబోలు.

కాబట్టి మొదటిసారి ఏమీ చెప్పకుండా కథ కథలా చదవండి. రెండోసారి మాటల దగ్గర ఒక్క ఊపిరి ఆగండి. మూడోసారి మీరు ఆగి, మాట వాళ్లను అందుకోనివ్వండి: "పులి పొద వెనక..." నాలుగోసారి బొమ్మలు చూపిస్తూ వాళ్లనే చెప్పమనండి.

అడిగే ప్రశ్నల్లోనూ తేడా ఉంది. "ఇది ఏమిటి?" అంటే ఒక్క మాటలో జవాబొస్తుంది. "పాలేరు ఆవును ఎందుకు మేపలేదంటావు?" అంటే ఒక వాక్యం వస్తుంది. ఆ వాక్యానికి మీరో మాట చేర్చి తిరిగి అనాలి. "అవ్వ బువ్వ పెట్టలా" అని పిల్ల అంటే, "అవును, అవ్వ బువ్వ పెట్టలేదు, పాలేరు ఆకలితో నకనకలాడిపోయాడు" అని మీరు అనండి. తప్పు దిద్దినట్టు ఉండదు, కొత్త మాట ఒకటి చెవిన పడుతుంది. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం తల్లిదండ్రులకు సరిగ్గా ఇలాంటి పద్ధతే నేర్పి నెల రోజులు ఇళ్లలో చేయించింది. ఆ ఇళ్లలో పిల్లలు మాటల పరీక్షల్లో మిగతా పిల్లల్ని దాటిపోయారు. ఆ మిగతా ఇళ్లలోనూ పిల్లలకు పుస్తకాలు చదివి వినిపిస్తూనే ఉన్నారు, తేడా అల్లా ఎలా చదివారన్న దాంట్లోనే.

అర్థం చెప్పే పద్ధతి

నిఘంటువు తీసి చదివితే ఉక్రోషానికి రోషం అనో కోపం అనో ఉంటుంది. పిల్లలకు అది ఏ మూలకూ సరిపోదు. మాటకు బదులు ఇంకో మాట ఇవ్వకండి, సందర్భం ఇవ్వండి. "ఓడిపోయినప్పుడు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొస్తాయి చూడు, అది ఉక్రోషం. మొన్న క్యారమ్స్‌లో తమ్ముడు గెలిచినప్పుడు నీకొచ్చిందే." తటపటాయించడం చెప్పాలంటే: "చాక్లెట్ తీసుకోవాలా మామిడి తీసుకోవాలా అని ఐస్‌క్రీమ్ షాపులో తేల్చుకోలేక నిలబడిపోయావే, అదే." పిల్లల జీవితంలోంచి ఒక ముక్క దొరికితే మాట అక్కడే అతుక్కుంటుంది.

అర్థం చెప్పాక ఒక తిరకాసు ప్రశ్న వేయండి. "ఐస్‌క్రీమ్ ఇస్తే ఎవరికైనా ఉక్రోషం వస్తుందా?" "రాదు" అంటుంది. "తమ్ముడికి పెద్దదిచ్చి నీకు చిన్నదిస్తే?" ఇక్కడ ఆలోచిస్తుంది. అవును, కాదు అన్నదానికన్నా "ఎందుకు" అని వాదించడంలోనే మాట పట్టుబడుతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇంగ్లీషులో అర్థం చెప్పొచ్చా అని చాలామంది అడుగుతారు. నిక్షేపంగా చెప్పొచ్చు, పిల్లలకు ముందే తెలిసిన మాట అయితే. హైదరాబాదులోనైనా డల్లాస్‌లోనైనా రెండో భాషలో తెలిసింది మొదటి భాషకు పనికిరాకుండా పోదు. కాకపోతే అక్కడితో ఆపేస్తే పిల్లల బుర్రలో ఆ ఇంగ్లీషు మాటే మిగులుతుంది. చెప్పిన వెంటనే తెలుగులో ఒక వాక్యం మీరు అనండి, ఒకటి వాళ్లచేత అనిపించండి.

పుస్తకం మూశాక

అసలు పని ఇక్కడుంది. పుస్తకంలో ఒకసారి విన్న మాట రెండు రోజుల్లో పోతుంది. మూడు మాటలు ఫ్రిజ్ మీద అంటించి, ఆ వారం వాటిని ఇంట్లో అందరూ వాడాలని పెట్టుకోండి. అందరూ అంటే నాన్న కూడా. "కరెంటు బిల్లు చూసి నివ్వెరపోయాను" అని ఆయన అన్నాడంటే పిల్లలు పకపకా నవ్వుతారు, మాట మాత్రం ఎక్కడికీ పోదు.

మాటలకు వంటిల్లు మంచి చోటు. చిటికెడు ఉప్పు, గుప్పెడు పల్లీలు, దోసెడు బియ్యం, గరిటెడు పప్పు. పిల్లల చేతనే వేయించండి. చిటికెడుకూ గుప్పెడుకూ తేడా చేత్తో తెలిసిపోతుంది. గెల, గుత్తి, కట్ట, మోపు ఇప్పుడు తీయండి, రైతుబజారులో: అరటి గెల, ద్రాక్ష గుత్తి, తోటకూర కట్ట.

ఇంకో చిట్కా ఉంది. 1978లో సూసన్ కేరీ, ఎల్సా బార్ట్‌లెట్ అనే పరిశోధకులు నర్సరీ పిల్లల దగ్గర రెండు ట్రేలు ఉంచి, "ఆ నీలం ట్రే కాదు, క్రోమియం రంగుది తీసుకురా" అనిపించారు. ఆ రంగు పేరు పిల్లలకు తెలియదు. అయినా సరైనదే తెచ్చారు, కొందరికి ఆ మాట తర్వాత కూడా ఎంతో కొంత గుర్తుంది. మనింట్లో ఇది చాలా తేలిక. "ఆ స్టీలు గ్లాసు కాదు, ఇత్తడిది ఇవ్వు." "ఆ గిన్నె కాదు, మూకుడు అందుకో." అర్థం చెప్పనేలేదు, అయినా మాట చేతికొచ్చింది.

పాత బిస్కెట్ డబ్బాలో చీటీలు వేయడం కూడా బాగానే పనిచేస్తుంది. చీటీకి ఒక మాట. అన్నం తినేటప్పుడు ఒకరు ఒక చీటీ తీసి, ఆ రోజు జరిగిన ఏదో ఒకదాన్ని ఆ మాటతో చెప్పాలి. చీటీ మీద మాట పిల్లలే రాయాలి. అలా అక్షరాలూ సాధన అవుతాయి.

పొడుగు మాటలు విప్పడం

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఇంకో రకం కష్టం మొదలవుతుంది. తెలిసిన మాటలే కలిసిపోయి తెలియనట్టు కనిపిస్తాయి. 'వెళ్లిపోవాలనుకున్నాడట' చూసి గుటక వేస్తారు. పెన్సిలుతో సన్నగా గీతలు పెట్టి విప్పి చూపించండి: వెళ్లిపోవాలి, అనుకున్నాడు, అట. మూడూ రోజూ అనే మాటలే. చివర 'అట' ఉందంటే చూసింది కాదు, ఎవరో చెప్పగా విన్నది. 'ఎక్కడికక్కడే', 'పుస్తకాలన్నీ', 'ఏమైందో' కూడా ఇలాగే విప్పాలి. సంధుల పేర్లు పైతరగతుల్లో ఎలాగూ వస్తాయి, ఇప్పుడే భయపెట్టొద్దు.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు కుటుంబాలుంటాయి. బజారులో వెళ్తూ బోర్డులు చదివించండి. వస్త్రాలయం, గ్రంథాలయం, కార్యాలయం, దేవాలయం. అన్నిటి చివరా ఉన్నదేమిటో వాళ్లనే కనిపెట్టనివ్వండి. ఆలయం అంటే ఉండే చోటు అని తేలాక, 'హిమాలయం' ఎందుకలా అయిందో వాళ్లే చెబుతారు. మొదట్లో చూసిన జలాశయాన్ని జలపాతం, జలచరం పక్కన పెట్టి చూపిస్తే అదీ విడిపోతుంది. వారానికి ఒక కుటుంబం చాలు.

అమ్మమ్మ మాట, పుస్తకం మాట

పుస్తకంలో వేరుశనగలు అని ఉంటుంది. హైదరాబాదులో పల్లీలంటారు, కర్నూలు వైపు బుడ్డలంటారు. పుస్తకంలో ఉల్లిపాయ, తెలంగాణలో చాలా ఇళ్లలో ఉల్లిగడ్డ. పిల్ల ఇంటి మాట అంటే "అలా అనకూడదు" అనే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. నాకది అన్యాయమనిపిస్తుంది. ఇంటి మాట తెలిసిన పిల్లకు ఆ వస్తువు తెలుసు. రెండో పేరు చేర్చడమే మిగిలింది, అది నిమిషం పని. "మనం బుడ్డలంటాం, పుస్తకంలో వేరుశనగలని రాశారు, రెండూ ఒకటే" అంటే అయిపోయింది. అమ్మమ్మ ఊరెళ్లినప్పుడు అక్కడి మాటలకు వేరే చీటీలు రాసి డబ్బాలో వేయించండి.

మానేయాల్సినవి

కొత్త మాట పదిసార్లు రాయించడం మానేయండి. చేయి నొప్పి పుడుతుంది తప్ప అర్థం రాదు. పదాలు-అర్థాలు పట్టిక బట్టీ పట్టించడం కూడా అంతే, సోమవారం అప్పజెప్పింది గురువారానికి ఉండదు. చుట్టాల ముందు "నివ్వెరపోవడం అంటే ఏమిటో అంకుల్‌కి చెప్పు" అని నిలబెట్టడం అన్నిటికన్నా చెడ్డది. పిల్లలు కొత్త మాటను తప్పుగా వాడితే, ఉదాహరణకు "నేను అన్నాన్ని ఓదార్చాను" అంటే, నవ్వొచ్చినా ఆపుకుని, "అన్నం ఏడ్చిందా ఏంటి?" అని అడగండి. వాళ్లే దిద్దుకుంటారు.

నలభై మంది ఉన్న తరగతిలో టీచరు ఇవన్నీ చేయలేరు. అక్కడ వారానికి రెండు మాటలు గోడ మీద రాసి, ఆ మాట ఎవరి నోట వినబడినా పక్కన ఒక గీత పెట్టమంటే సరిపోతుంది. గీతల కోసం వాళ్లే సందర్భాలు వెతుక్కుంటారు.

ఇన్ని చేసినా రెండు మూడు నెలల్లో ఏ కదలికా లేకపోతే, పిలిస్తే చాలాసార్లు పలకకపోయినా, మాటల్ని వేరేగా విని వేరేగా పలుకుతున్నా ముందు చెవుల పరీక్ష చేయించండి. తరచూ జలుబు చేసి చెవిలో నీరు చేరే పిల్లలకు కొన్నాళ్లపాటు సరిగా వినబడదు, అది బద్ధకంలా కనిపిస్తుంది. వినికిడి బాగానే ఉందంటే స్పీచ్ థెరపిస్టును ఒకసారి కలవొచ్చు.

మిగతావాళ్లకు నెలకోసారి మొదట చేసిన రెండు పేజీల పనే ఇంకో కొత్త పుస్తకంతో చేసి చూడండి. పిల్లలు చెప్పే కథ పొడుగైందా లేదా అన్నదాని మీద పట్టింపు వద్దు. ఫ్రిజ్ మీది మాటల్లో ఒక్కటైనా అడక్కుండా దొర్లిందేమో వినండి. దొర్లితే ఆ మూడు చీటీలూ డబ్బాలో వేసి కొత్తవి అంటించండి. దొర్లకపోతే అవే ఇంకో వారం ఉంచండి.